ముట్టుకోకు, గీతలు పడ్తయ్

‘కస్టమర్ దేవుడు’ అని షోరూముల్లో అద్దం కట్టించి గోడకు తగిలిస్తరు. దేవుడి సంగతేమో గాని గుడి సంగతి మాకు బాగ తెలుసు. దేవుడి పేరు చెప్పి మనిషిని గడప బయట నిలబెట్టడం ఈ దేశానికి కొత్త విద్య కాదు. పాత గుడికి రాతి గడప ఉండేది, పూజారి అడ్డం నిలబడేటోడు. కొత్త గుడికి అద్దాల తలుపు పెట్టిండ్రు. ఎవడూ అడ్డం నిలబడడు. తలుపు దానంతట అదే తెరుచుకుంటది. లోపలికి పోయినంక మనం ఎవరికీ కనపడం.

కార్ల షోరూం గురించి దళితుడు రాయడమేందని నవ్వేటోళ్లు మూడు రకాలు. ఒకటో రకం మా ఎర్రజెండా మిత్రులు. మనుషులు మ్యాన్‌హోల్లల్ల పడి చస్తుంటే నీకు కారు సోకు కావాల్సొచ్చిందా అంటరు. రెండో రకం మంచి మనసున్న అగ్రకులపు మిత్రులు. అది కులం కాదు, క్లాసు, బట్టలు సక్కగ లేకపోతే ఎవరికైనా అంతే అంటరు. మూడో రకం మనోళ్లే. చదువుకొని ఉద్యోగం తెచ్చుకొని నాలుగు రాళ్లు వెనకేసినోళ్లు. పైసలు మొఖాన కొట్టి కొని చూపియ్యి, వాడే వచ్చి సెల్యూట్ కొడ్తడు అంటరు. ఈ ముగ్గురికీ కలిపి జవాబు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

నేను ఉండేది వనస్థలిపురంల. నిజాం వేటాడుకున్న అడివి జింకల పార్కు అయితే, దాని పక్కన ప్రభుత్వ ఉద్యోగుల ఇండ్లతోటి పెరిగిన కాలనీలు ఇవి. దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ సెంటర్ల చుట్టు తిరిగి, హాస్టల్ నీళ్లచారు తాగి డీఎస్సీ రాసినోళ్లం, ఉద్యోగాలొచ్చినంక ఎల్బీనగర్ దాటి ఇక్కడికొచ్చి కిరాయి ఇండ్లు వెతుక్కున్నం. మెట్రో 2018ల ఎల్బీనగర్ దాకా వచ్చి ఆగింది. విజయవాడ హైవే మాత్రం ఆగలేదు. చింతలకుంట, పనామా, సుష్మా, హయత్‌నగర్ అంటూ పోయేకొద్ది రోడ్డుకు రెండు దిక్కుల అద్దాల మేడలు లేచినయ్. ఆ అద్దాల వెనక లైట్ల కింద కార్లు పెండ్లిపిల్లల లెక్క నిలబడి ఉంటయ్. ఆ అద్దాల ముందట బస్సుకోసం నిలబడేది మేము.

కారు నాకెందుకంటే, నా బడి చౌటుప్పల్ అవతల. పోనురాను 80 కిలోమీటర్ల పైన. లారీల నడుమ టూవీలర్ మీద పోయొచ్చే టీచర్లు రోజూ ఇంటికి చేరితే చేరినట్టు. నా భార్య కూడా టీచరే. ఊర్ల అమ్మకు మోకాళ్ల నొప్పులు, నెలకొకసారి దవాఖానకు తీస్కరావాలె. ఇద్దరి జీతాలు, బ్యాంకు లోను కలిపి లెక్క జూస్తే 16 లక్షల బండి మాకు అందేదే. సోకు అన్నా సరే, నాకేం సిగ్గు లేదు. దొర సోకు జేస్తే దర్జా, మాదిగోడు సోకు జేస్తే కొవ్వా?

2022 దసరాకు ముందు, ఒక ఆదివారం, హైవే మీది ఒక పెద్ద షోరూంకు పోయినం. నేను, నా భార్య, మా నాయిన. ఆ షోరూం పేరు రాయను. పేరు రాస్తే అదొక్కటే చెడ్డది, తక్కినవన్ని మంచివి అనుకుంటరు. గేటు కాడ సెక్యూరిటీ ఆయన నన్ను కిందికీ మీదికీ జూసి, “డ్రైవర్ ఇంటర్వ్యూకా? వెనక గేటు నుంచి పో” అన్నడు. బండి కొననీకె వచ్చినమన్నా. ఆయన మొఖంల నమ్మకం లేదు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన కూడా మనసుంటోడే, పన్నెండు గంటల డ్యూటీ చేసేటోడే. ఎవర్ని ఏ గేటుకు పంపాలెనో ఆయనకు నేర్పినోళ్లు లోపల ఏసీల కూసున్నరు.

లోపల సోఫాల కూసోని నలభై నిమిషాలైంది. ఎవడూ రాలేదు. కాళ్లకింద నేల అద్దం లెక్క మెరుస్తున్నది. మా నాయిన చెప్పులు బయట విడవాల్నా అని రెండుసార్లు అడిగిండు. మా తర్వాత ఒక కుటుంబం వచ్చింది. “రండి రెడ్డి గారూ” అని ఇద్దరు ఎదురుపోయిండ్రు. జ్యూసులొచ్చినయ్. పిల్లగానికి చాక్లెట్ వచ్చింది. ఆ రెడ్డిగారి కాళ్లకు నా కాళ్లకున్నసుంటి చెప్పులే ఉన్నయ్. ఆయన చొక్కా నా చొక్కాకంటే నలిగి ఉన్నది. ఇది ఎందుకు చెప్తున్ననంటే, బట్టల సిద్ధాంతం చెప్పే మిత్రులు దీన్ని గుర్తు పెట్టుకోవాలె.

చివరికి ఒక పిల్లగాడు వచ్చి ఎంక్వైరీ ఫారం తీసిండు. పేరు చెప్పిన. “ఇంటిపేరుతో చెప్పండి సార్” అన్నడు. చెప్పిన. “సొంతూరు సార్?” చెప్పిన. “అంటే... మీరు?” అని ఆగిండు. ఈ దేశంల ‘మీరు?’ అని సగంల ఆపిన ప్రశ్నకు అర్థం తెల్వనోడు లేడు. “మాదిగలం” అన్న. ఆ పిల్లగాడు కలం ఆపలేదు, మొఖం మార్చలేదు, మర్యాద కూడా తప్పలేదు. “ఓకే సార్, దళితబంధు కింద చూస్తున్నారా? అయితే ఆ సెక్షన్ వేరే సార్, పక్క బిల్డింగ్” అన్నడు. నా జీతం స్లిప్ నా చేతులనే ఉన్నది. ఆయన దాన్ని అడగనే లేదు. ఇంటిపేరు చదివినంక జీతం చదివే అవసరం రాలేదు.

ఇంతల మా నాయిన లేచి బండి కాడికి పోయిండు. తలుపు తెరిచి ఉన్నది. సీటు మీద చెయ్యి పెట్టి బొటనవేలుతోటి నొక్కి చూస్తున్నడు. దూరం నుంచి ఇంకొకడు కేకేసిండు: “ఏ పెద్దాయనా, ముట్టుకోకు, గీతలు పడ్తయ్!” మా నాయిన లందల తోళ్లు నానబెట్టినోడు. తంగేడు చెక్క, సున్నం, ఆరె, రంపె తోటి బతికినోడు. మోట బొక్కెనకు తొండం కుట్టినోడు. ఊరందరి కాళ్లకు చెప్పులు తొడిగినోడు. ఆయన చెయ్యి తీయలేదు. నా దిక్కు తిరిగి, “బిడ్డా, వీళ్లు తోలు అంటున్నరు గాని ఇది తోలు కాదు, తోలు లెక్క జేసిన గుడ్డ” అన్నడు. వాళ్లు నవ్విండ్రు. నేను బ్రోషర్ తెరిచి చూసిన. కింద చిన్న అక్షరాలల్ల ‘లెదరెట్’ అని ఉన్నది. తోలు తెలిసినోడి చెయ్యి ఆ హాల్ల ఒక్కటే ఉన్నది. ఆ చేతినే ముట్టుకోవద్దన్నరు.

టెస్ట్ డ్రైవ్ అడిగితే డెమో బండి సర్వీసుకు పోయిందన్నరు. పది నిమిషాలకు రెడ్డిగారి కుటుంబం అదే రంగు, అదే మోడల్ డెమో బండి ఎక్కి హైవే మీదికి పోయింది. నేను మేనేజర్ కాడికి పోయి అడిగిన. ఆయన లేచి నిలబడి, “సారీ సార్, కమ్యూనికేషన్ గ్యాప్” అన్నడు. పాతకాలంల దీన్ని మైల అనేటోళ్లు. ఇంగ్లీషుల ఇప్పుడు కమ్యూనికేషన్ గ్యాప్ అంటున్నరు. మేము ఆడ బండి కొనలేదు. ఇంకో కాడ, ఇంకో కంపెనీది కొన్నం. కొన్న ముచ్చట ఇక్కడ ముఖ్యం కాదు. ఎందుకు ముఖ్యం కాదో తర్వాత చెప్త.

ముందు క్లాసు సిద్ధాంతం సంగతి చూద్దాం. “మీరు బట్టలు మంచిగ తొడుక్కుంటే, ఇంగ్లీషు మాట్లాడితే, ఇట్ల జరగదు” అని నా తోటి టీచరే ఒకాయన స్టాఫ్ రూముల చెప్పిండు. అయ్యా, ఈ మందు మా మీద ఇంతకు ముందే వాడి చూసిండ్రు. 1901ల తొమ్మిది పదేండ్ల అంబేద్కర్, అన్నతోటి, అక్క పిల్లగానితోటి కలిసి తండ్రిని చూడనీకె కోరేగావ్ బయలుదేరిండు. మసూర్ స్టేషన్ల దిగినరు. కొత్త బట్టలు తొడుక్కొని సక్కగ తయారై ఉన్నరు. స్టేషన్ మాస్టర్ వాళ్లను బ్రాహ్మణ పిల్లలు అనుకున్నడు. మహార్ పిల్లలమని చెప్పంగనే ఆయన మొఖం మారింది. బట్టలు అవే, పిల్లలు వాళ్లే. మారింది కులం వినపడడం ఒక్కటే. బండ్లోళ్లు ఎవరూ ఎక్కించుకోమన్నరు. రెట్టింపు కిరాయి ఇస్తమంటే ఒకడు ఒప్పుకున్నడు, కాని పిల్లలే బండి తోలాలె, తను పక్కన నడిచొస్త అన్నడు. చూడుండ్రి, రెట్టింపు పైసలు తీసుకున్నడు, మైల మాత్రం వదులుకోలేదు. పైసలు కులాన్ని కడుగుతయ్ అనేటోళ్లు ఆ బండోణ్ని ఒక్కసారి తలుచుకోవాలె.

సరే, పిల్లగాడు అనుకుందాం. 1929 నాటికి ఆయన డాక్టర్ అంబేద్కర్. కొలంబియాల, లండన్ల చదివొచ్చిన బారిస్టర్. బొంబాయి ప్రభుత్వం అంటరానోళ్ల కష్టాలు విచారించనీకె వేసిన కమిటీల సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషన్ల దిగితే టాంగా తోలేటోళ్లు ఆయన్ని ఎక్కించుకోలేదు. మహార్లు టాంగా ఒక్కటే కిరాయికి తీసుకొని, తోలడం రానోడు ఒకడు తోలితే, మోరీ కాడ చక్రం ఇరుక్కొని ఆయన ఎగిరి పడ్డడు. కాలు విరిగింది. కోటు లేదా? ఉన్నది. ఇంగ్లీషు రాదా? ఆ స్టేషన్ల ఎవడికీ రానంత వచ్చు. పైసలు లేవా? కిరాయి పైసలున్నయ్. ఈ మూడూ ఉన్న మనిషికి కాలెందుకు విరిగిందో క్లాసు సిద్ధాంతం చెప్పలేదు.

“మరి కస్టమర్ కులం వాళ్లకెట్ల తెలుస్తది?” అని ఇంకో ప్రశ్న. ఎట్ల తెలుస్తదో మీకు తెల్వదా? ఇంటిపేరు అడుగుతరు, సొంతూరు అడుగుతరు, ఊర్ల ఏ దిక్కు అని అడుగుతరు. మీరు కూడా ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు అడుగుతరు కద. అడిగినంక మారేది మర్యాద ఒక్కటే కాదు, ధర కూడా మారుతది. అమెరికాల షికాగో ప్రాంతంల ఇయాన్ ఐర్స్ అనే లా ప్రొఫెసర్ దీన్ని పరీక్ష పెట్టి చూసిండు. తెల్లోళ్లను, నల్లోళ్లను, మగోళ్లను, ఆడోళ్లను కొత్త కార్ల షోరూములకు పంపిండు. అందరికీ ఒకే మాటలు నేర్పిండు, బేరం ఒకే తీరు ఆడమన్నడు. 1991ల అచ్చయిన ఆ పరీక్షల తేలిందేంది? నల్లోళ్లకు, ఆడోళ్లకు తెల్ల మగోడికంటే ఎక్కువ ధర చెప్పిండ్రు. మన దేశంల సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ ఒకే చదువున్న దరఖాస్తులను వేరే వేరే ఇంటిపేర్లతోటి ప్రైవేటు కంపెనీలకు పంపిండ్రు. 2007ల ఆ ఫలితాలు అచ్చయినయ్. దళితుల పేరున్న దరఖాస్తులకు తక్కువ పిలుపులొచ్చినయ్. కాగితం మీది పేరును చూసే అంత చేసేటోళ్లు, ఎదురుంగ నిలబడ్డ మనిషిని చూసి ఏమీ చేయరని నమ్మమంటరా?

ఇగ మూడో రకం, మనోళ్లు. వీళ్లకు ఒక కథ శాన ఇష్టం. 2022 జనవరిల కర్ణాటకల తుమకూరు కాడ ఒక రైతు సరుకు బండి కొననీకె షోరూంకు పోయిండు. సేల్స్‌మన్ ఆయన్ని చూసి ఎగతాళి చేసిండని, పది రూపాయలు కూడా ఉండవని అన్నడని వార్తలొచ్చినయ్. ఆ రైతు గంటలోపల పది లక్షలు తెచ్చి ముందట పెట్టి బండి ఇయ్యిమన్నడు. గొడవైంది, పోలీసులొచ్చిండ్రు, తర్వాత కంపెనీవాళ్లు తప్పు ఒప్పుకొని బండి ఇచ్చిండ్రు. దేశమంత చప్పట్లు కొట్టింది. సినిమాల్ల చూస్తం కద, లుంగీ కట్టిన హీరో సంచిల నోట్ల కట్టలు తెచ్చి టేబుల్ మీద గుమ్మరిస్తడు, మేనేజర్ వంగి దండం పెడ్తడు. గదే సినిమా.

ఆ రైతుకు జరిగింది అవమానమే. నేను కాదనను. కాని నా ప్రశ్న వేరే. గంటలోపల పది లక్షలు ఎవరికి పుడ్తయ్? మాదిగవాడల ఏ తలుపు కొడితే గంటల పది లక్షలొస్తయ్? భూమి లేనోనికి, బావమర్దులందరూ కూలోళ్లే అయినోనికి పైస పైస కూడబెట్టనీకె పదేండ్లు పడ్తది. గంటల పది లక్షలు తేలేనోడు అవమానాన్ని మింగాల్సిందేనా? పైసలు తెచ్చినోనికే పౌరుషం ఉంటదా? ఈ కథకు చప్పట్లు కొట్టినోళ్లు తెలిసో తెల్వకో ఒక ధర్మసూత్రం ఒప్పుకుంటున్నరు: మర్యాద కొనుక్కునే వస్తువు, లేనోడు గేటు బయటనే ఉండాలె.

పది లక్షల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్త. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్‌ల దళితబంధు మొదలైంది. కుటుంబానికి పది లక్షలు, తిరిగి కట్టే పని లేదు. కార్లు, ట్రాక్టర్లు, సరుకు బండ్లు ఎంచుకున్నోళ్లు శాన మంది ఉండిండ్రు. రాజకీయ లెక్కలు ఏమన్న ఉండనీ, తరతరాలు ఒకని బండి తోలినోడు తన బండి తను తోలుకోవాలె అనుకోవడంల తప్పేముంది? కాని అప్పుడు టీ కొట్ల కాడ విన్న మాటలు నా చెవులల్ల ఇంకా ఉన్నయ్. “వీళ్లకు కార్లెందుకు, అమ్ముకొని తాగనీకెనా?” పది లక్షలు అక్కడ, పది లక్షలు ఇక్కడ. తుమకూరు రైతు పది లక్షలు పౌరుషమైనయ్. మా పది లక్షలు బిచ్చమైనయ్. నోటు మీద గాంధీ బొమ్మ ఒక్కటే, పట్టుకున్న చెయ్యిని బట్టి నోటు కులం మారింది. ఇంకా పైసలు మొఖాన కొట్టు అంటరేంది అన్నా? ముందు ఆ పైసలు పైసలని వాడు ఒప్పుకోవాలె కద.

అందుకే మేము బండి కొన్న ముచ్చట ముఖ్యం కాదన్న. కొన్నోనికి దొరికే సెల్యూట్ ఆ బండికి కొట్టేది. బండి దిగినంక నువ్వు మళ్ల నువ్వే. కొని చూపిచ్చినోడు తను ఒక్కడే గెలిచిన అనుకుంటడు. వాని వెనక వచ్చే దళితుణ్ని అదే సెక్యూరిటీ అదే వెనక గేటుకు తోలుతడు. మన ఉద్యోగాలు ఒక్కొక్కని తెలివితోటి వచ్చినవి కావు. పోరాడి తెచ్చిన రిజర్వేషన్ తోటి వచ్చినయ్. అందరం కలిసి తెచ్చుకున్నదాన్ని ఒక్కొక్కడు షోరూంల ఖర్చు పెట్టి ఆత్మగౌరవం అనుకుంటే ఎట్ల?

ఇగ ఎర్రజెండా అన్నలు. “మనుషులు మ్యాన్‌హోల్లల్ల చస్తున్నరు” అంటరు. నిజం. ఎక్కడో కాదు, మా వనస్థలిపురం సాహెబ్‌నగర్‌లనే 2021 ఆగస్టుల రాత్రిపూట మ్యాన్‌హోల్లకు దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నరు. మనిషిని దించొద్దని 2013ల చట్టం చేసిండ్రు. చట్టం పైననే ఉన్నది, మనుషులు కిందికి పోయిండ్రు. దళితబంధు మొదలైన నెల, ఆ ఇద్దరు పోయిన నెల ఒక్కటే. కాని అన్నా, మ్యాన్‌హోల్ ఒక లోకం, షోరూం ఇంకో లోకం అని నీకెవరు చెప్పిండ్రు? ఎవరి ఒళ్లు మురికిని ముట్టాలెనో, ఎవరి చెయ్యి కొత్త బండిని ముట్టొద్దో రాసింది ఒక్కటే చెయ్యి. అదే షోరూంల వెనక షెడ్డుల ఆ బండ్లను కడిగి తుడిచేది మనోళ్లే. ముట్టుకోకుండ కడగలేరు కద! కడిగేటప్పుడు గీతలు పడయ్, కొనేటప్పుడు పడ్తయ్. అన్నం ముందు, ఆత్మగౌరవం తర్వాత అని వరుస పెట్టి మమ్ముల ఇంకెంతకాలం ఆగమంటవ్?

మా ఊర్ల సైకిల్ కొన్న మొదటి మాదిగోడు మా నాయిన. గడీ ముందట సైకిల్ ఎక్కి పోవొద్దు. దిగి, చెప్పులు విడిచి చేతబట్టుకొని, సైకిల్ నడిపించుకుంట పోవాలె. ఆ చెప్పులు కుట్టింది ఆయనే, చేతబట్టుకున్నదీ ఆయనే. ఇది పాత ముచ్చట, ఇప్పుడెక్కడుంది అంటరా? అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. దాన్ని 2015ల సవరించిండ్రు, 2016 జనవరి 26 నుంచి అమల్లకొచ్చింది. ఆ సవరణల ఏం రాసిండ్రో చదువుండ్రి. దళితులు, ఆదివాసులు బహిరంగ స్థలాల్ల సైకిల్ గాని మోటార్ సైకిల్ గాని ఎక్కకుండ, చెప్పులు తొడగకుండ, కొత్తబట్టలు కట్టకుండ, పెండ్లి ఊరేగింపుల గుర్రం గాని ఇంకో బండి గాని ఎక్కకుండ అడ్డుకుంటే నేరం. రాకెట్లు ఎగరేసే దేశం పార్లమెంటుల కూసోని సైకిల్ గురించి, చెప్పుల గురించి చట్టం రాయాల్సొచ్చింది. ఏ అవసరం లేకుండనే రాసిండ్రా?

ఇది చిన్న అవమానం, మర్చిపో అనేటోళ్లకు చుండూరు గుర్తు చేయాలె. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. అంతకు ముందు ఏం జరిగింది? సినిమా హాల్ల ఒక దళిత యువకుడి కాలు రెడ్ల పిల్లగానికి తగిలింది. ఆ యువకుడు టికెట్ కొనుక్కొని పోయినోడే. కస్టమరే. 2007ల ప్రత్యేక కోర్టు 21 మందికి జీవితఖైదు వేసింది. 2014ల హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. టికెట్ పైసలు తీసుకొని కుర్చీల కూసోబెట్టిన కాడ కూడా మా కాలు ఎక్కడ ఉండాలెనో కులమే చెప్తది. పెద్ద గాయం ఎప్పుడూ చిన్న తగులుడు తోటే మొదలైంది.

మరి మనకు ఏ ఆధారం లేదా? ఉన్నది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదువుండ్రి. కులం పేరు మీద దుకాణాలల్లకు, హోటళ్లల్లకు, వినోద స్థలాలల్లకు పోనియ్యకుండ ఎవర్నీ అడ్డుకోవద్దు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభల ‘దుకాణం’ అన్న మాటకు అర్థమేందని అడిగితే అంబేద్కర్ విప్పి చెప్పిండు. సేవ కావాలని వచ్చినోనికి సేవ చేయనీకె సిద్ధపడి తెరిచిన ఏ చోటైనా దుకాణమే అన్నడు. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని సభ ఒప్పుకున్నది కూడా ఆ రోజే. చాలీస్‌గావ్‌ల కాలు విరగ్గొట్టుకున్న మనిషి రాసిన మాట అది. టాంగా స్టాండు ఆయనకు యాదికి లేకుండ ఉంటదా?

పౌరహక్కుల పరిరక్షణ చట్టం 1955ది. దాని ఆరో సెక్షన్ ప్రకారం, తక్కినోళ్లకు ఏ వేళకు, ఏ చోట, ఏ షరతుల మీద సరుకు అమ్ముతరో, సేవ చేస్తరో, అదే వేళకు, అదే చోట, అదే షరతుల మీద దళితునికి చేయకపోతే నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. పన్నెండో సెక్షన్ ఇంకా గట్టిది. దళితుని మీద ఆ పని జరిగితే అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు ముందు అనుకోవాలె, కాదని నిరూపించుకునే భారం ఎదుటోనిది. నలభై నిమిషాలు కూసోబెట్టుడు ‘అదే వేళ’ కాదు. పక్క బిల్డింగ్‌కు పో అనుడు ‘అదే చోట’ కాదు. డెమో బండి లేదని అబద్ధం చెప్పుడు ‘అదే షరతు’ కాదు. వినియోగదారుల చట్టం ఉంది కద అంటరు. 1986ది పోయి 2019ది వచ్చింది. కాని దాంట్ల వినియోగదారుడు అంటే పైసలు ఇచ్చినోడు, ఇస్తనని ఒప్పుకొని కొన్నోడు. మనల్ని కొనకముందే బయటికి తోలుతున్నరు. ఆ చట్టం తలుపు కూడా కౌంటర్ దాటినంకనే తెరుచుకుంటది.

కాబట్టి సంఘాలల్ల పనిచేసే తమ్ముళ్లారా, యూనివర్సిటీ చెల్లెళ్లారా, నేను చెప్పేది ఒక్క పని. షికాగోల చేసినట్టు మనం ఎల్బీనగర్‌ల చేద్దాం. ఒకే జీతమున్న ఇద్దరు టీచర్లు, ఒకే తీరు బట్టలు, ఒకే మాటలు. ఒకరిది రెడ్డి ఇంటిపేరు, ఇంకొకరిది మన ఇంటిపేరు. నాగోలు నుంచి హయత్‌నగర్ దాకా ప్రతి షోరూంకు పోదాం. ఎన్ని నిమిషాలు కూసోబెట్టిండ్రు, టెస్ట్ డ్రైవ్ ఇచ్చిండ్రా, ఎంత తగ్గిస్తమన్నరు, ఏం ప్రశ్నలు అడిగిండ్రు, అన్నీ తారీఖు, టైము వేసి రాద్దాం. ధర కాగితం రాసి ఇయ్యమని అడుగుదాం. ఇయ్యకపోతే అది కూడా రాద్దాం. బంగారం దుకాణాలు, ప్రైవేటు దవాఖానలు, కిరాయి ఇండ్లు తర్వాత చూద్దాం. నాకొక్కనికి జరిగితే నా ఏడుపు అంటరు. వంద మందిది లెక్క గట్టి ఫిర్యాదు పెడితే కమ్యూనికేషన్ గ్యాప్ అననీకె ఎవనికీ నోరు రాదు.

దేవుణ్ని చేస్తమనే మాట మాకొద్దు. ఊర్ల దేవుళ్లను మోసి మోసి మా భుజాలు కాయలు గాసినయ్. జ్యూసు అక్కర్లేదు, సెల్యూట్ అక్కర్లేదు, మేనేజర్ లేచి నిలబడుడు అక్కర్లేదు. పైసలు మొఖాన కొట్టే ఖర్మ మాకెందుకు? అదే వేళకు, అదే చోట, అదే షరతుల మీద. 1955 నుంచి చట్టంల రాసి ఉన్నయ్ ఈ మూడు మాటలు. అవి షోరూం గోడకు అద్దం కట్టించి తగిలియ్యిండ్రి.